కాలేజీ చూడ్డానికి తీసిన పాసు

మా అమ్మాయి డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను ఆమె మీద చిరాకుగానే ఉన్నాను. చదవడం లేదని కాదు. చదువుతున్నట్టు నా కంటికి ఆనలేదని.

నా ఉద్యోగం అలాంటిది. టాటానగర్ యార్డులో వ్యాగన్లు పరీక్ష చేసేవాణ్ణి. గూడ్సు బండి వచ్చి ఆగగానే ఒక పక్కన చివరిదాకా నడిచి, రెండో పక్కన వెనక్కి వచ్చి, చక్రం, ఇరుసు, స్ప్రింగు, బ్రేకు ఒక్కొక్కటీ వంగి చూసి, అనుమానం ఉన్నచోట సుత్తితో కొట్టి చప్పుడు విని, అప్పుడు ఫిట్ అని కాగితం మీద సంతకం పెట్టాలి. ముప్పై ఏళ్లకు పైగా ఎండనకా వాననకా అదే పని. తాకి చూడనిదాని మీద సంతకం పెట్టకు అని నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. యార్డులో అది మంచి మాటే. దాన్ని చెప్పులతో సహా ఇంట్లోకి తెచ్చుకోవడం నా తెలివితక్కువ.

మాది టాటానగర్ స్టేషను పక్కనే ఉన్న బాగ్‌బేరా. తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న, ఆ తర్వాత నేను, అందరం రైల్వేలోనే. మా రోజుల్లో చదువంటే పొద్దున్నే సైకిలెక్కి వెళ్లి సాయంత్రం ఇంటికి రావడం. మధ్యలో ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. నేను ఐటిఐ చదివిన రెండేళ్లలో చాలా రోజులు పార్కులో చెట్లకింద పడుకుని గడిపాను. అయినా మా నాన్న దృష్టిలో నేను బుద్ధిగా చదువుకునే కుర్రాణ్ణే. పుస్తకాలు పట్టుకుని గుమ్మం దాటేవాణ్ణి కదా మరి.

మా అమ్మాయి గుమ్మం దాటేది ఉద్యోగానికి. ఇంటర్ అవగానే ఆదిత్యపూర్‌లో లారీలకు విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరింది. పొద్దున ఎనిమిదికి వెళితే సాయంత్రం ఆరుకి వచ్చేది. ఆ వేళల్లో ఏ కాలేజీ కుదురుతుంది? కుదరదు కాబట్టి డిగ్రీ ఆశ వదులుకుందనే అనుకున్నాను. ఒక ఆదివారం భోజనాల దగ్గర చల్లగా చెప్పింది.

"నాన్నా, డిగ్రీలో చేరాను."

"ఏ కాలేజీ ఏటి?"

పేరు చెప్పింది. నేనెప్పుడూ వినలేదు.

"అదెక్కడున్నాది?"

"దూరం. వేరే రాష్ట్రం. కానీ జానా నహీ హై నాన్నా, వెళ్లక్కర్లేదు. ఆన్‌లైన్."

"ఎల్లక్కర్లేకపోతే అది కాలేజీ ఎలగవుద్ది?"

"డిగ్రీ తో వహీ హై నా," అంది. డిగ్రీ అదే కదా అని. ఇక్కడి మన పిల్లలందరిలాగే మేం తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబిచ్చేది. ఆ యూనివర్సిటీకి ప్రభుత్వం అనుమతి ఉందనీ, ఆ జాబితా ఇదిగో అనీ ఫోను నా ముందు పెట్టింది. నేను చారు కలుపుకుంటూ ఉండిపోయాను. ఫోనులో కనబడేది ఏదైనా నాకు ఫోనులాగే ఉండేది.

ఆ రోజు నుంచి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ముందుగదిలో బీరువాకీ కిటికీకీ మధ్య ఉన్న మూల ఆమె కాలేజీ అయింది. చెవుల్లో తీగలు, ఒళ్లో పుస్తకం, ముందు ల్యాప్‌టాప్. నేను డ్యూటీ నుంచి వచ్చి కుర్చీలో కూలబడి, "అమ్మా, కాసిన్ని మంచినీళ్లు" అనేవాణ్ణి. ఆమె నా వైపు తిరక్కుండా ఒక వేలు పైకెత్తేది, ఆగమన్నట్టు. నాకు ఒళ్లు మండేది.

"వేలు సూపిత్తావేటే నాకు!"

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చేది. "ఆ గుంటకి క్లాసు నడత్తంది. నీళ్లు నాను ఇత్తాను, ఆగండి," అనేది. కానీ మా ఆవిడా తక్కువది కాదు. పది నిమిషాల తర్వాత తనే పిలిచేది, కుక్కరు కూత పెట్టిందా లేదా చూడమని. ఎవరైనా తలుపు కొడితే తీయాల్సింది మా అమ్మాయే, ఎందుకంటే తలుపుకు దగ్గరగా ఉన్నది ఆమె. ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగానే ఉన్నట్టు మా ఇంట్లో లెక్క. అదే పిల్ల ఊళ్లోని బిష్టుపూర్‌లోనో సాక్చీలోనో ఒక కాలేజీ గదిలో బెంచీ మీద కూర్చుని ఉంటే మేం ఇక్కడినుంచి కేకేసి నీళ్లడిగేవాళ్లం కాదు కదా.

ఒకసారి స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఆమె వెనక నుంచి నడిచి వెళ్లాను. క్లాసులో అందరికీ కనబడ్డానట. ఆమె గబుక్కున ల్యాప్‌టాప్ మూత వేసేసింది. నాకు నవ్వొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. మర్నాడు తన వెనకాల రెండు మేకులు కొట్టి పాత దుప్పటి కట్టుకుంది. ఆ దుప్పటి వెనక్కి వెళ్లి ఏం చదువుతున్నావమ్మా అని అడగాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. వాళ్లేదో చెబుతున్నారు, ఇదేదో వింటోంది, అంతే.

అలా రెండున్నరేళ్లు గడిచాయి. చివరి ఏడాదిలో ఫ్యాక్టరీలో ఒక మంచి అవకాశం వచ్చింది. ఏ సరుకు ఎప్పుడు తయారవ్వాలో, ఎప్పుడు పంపాలో చూసే ప్లానింగ్ విభాగంలో ఒకాయన మానేస్తున్నాడు. డిగ్రీ చేతికొస్తే ఆ సీటు నీదే అని మేనేజరు మా అమ్మాయికి మాటిచ్చాడు. వానలు మొదలయ్యేలోపు ఫలితం రావాలి, అంతవరకే ఆపగలనన్నాడు. ఈ సంగతి ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ విన్నాను కూడా. నాకు తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

ఆ రోజుల్లోనే ఆదిత్యపూర్‌లో మనవాళ్ల ఇంట గృహప్రవేశం జరిగింది. భోజనాల బంతిలో నా పక్కన వరసకు బావ అయ్యే ఒకాయన కూర్చున్నాడు, ఆయనా రైల్వేయే, పార్సిల్ ఆఫీసు.

"ఏటి బావా, గుంట ఏటి సదువుతంది?"

"డిగ్రీ. ఆకరి ఏడు."

"ఏ కాలేజీ?"

ఆన్‌లైన్ అని చెప్పాను. ఆయన గారె తుంచి నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు.

"అంటే ఇంట్లో కూకుని పాసైపోడమేనా? నువ్వు సూసినావేటి ఆ కాలేజీ?"

"నానెక్కడ సూత్తాను?"

"సూసుకో బావా. ఉన్నాదో లేదో. రేపు సంబందాలొత్తాయి, అడుగుతారు. ఏటని సెప్తావు?"

బంతిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ పిల్ల రోజంతా ఉద్యోగం చేసొచ్చి రెండేసి గంటలు కదలకుండా కూర్చుంటుందయ్యా అని నేననాల్సింది. అనలేదు. నా మనసులో ఉన్న ప్రశ్నే ఆయన నోటినుంచి వచ్చింది కాబట్టి నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. ఆ కాలేజీని కళ్లారా చూడాలి.

రైల్వేలో మాకు ఏడాదికి కొన్ని పాసులుంటాయి. వాటిమీద కుటుంబమంతా టికెట్టు కొనకుండా ప్రయాణం చెయ్యొచ్చు. మామూలుగా అవి మావైపు పెళ్లిళ్లకీ తిరుపతికీ సరిపోతాయి. ఆ ఏడు ఒక పాసు కాలేజీ చూడ్డానికి తీశాను. ఆన్‌లైన్ కాలేజీని రైలెక్కి వెళ్లి చూసొద్దామన్న ఆలోచన లోకంలో ఇంకెవరికైనా వచ్చిందో లేదో నాకు తెలియదు. మా యార్డులో మాత్రం ఎవరికీ అది వింతగా తోచలేదు. సూసి రావడం మంచిదే అన్నారందరూ. మా అమ్మాయి మొదట వద్దంది. నేను ముఖం ముడుచుకుని రెండు రోజులు తిరిగేసరికి సరే అంది. ఆమె పరీక్షలన్నీ అయిపోయాక వచ్చే వారానికి బెర్తులు దొరికాయి.

టికెట్లు చేతికొచ్చిన నాలుగు రోజులకి చివరి పేపరు వాయిదా పడింది. ఎప్పటికి? సరిగ్గా మా ప్రయాణం రోజుకి.

"నాన్నా, క్యాన్సిల్ చేసేద్దాం," అంది.

"ఎందుకేటి? ఎక్కడినుంచైనా రాసుకోవచ్చని నువ్వే గదా సెప్పినావు?"

"ఎక్కడినుంచైనా అంటే రైల్లోంచి కాదు. కెమెరా ఆన్‌లో ఉండాలి. గదిలో ఇంకెవరూ కనబడకూడదు. మధ్యలో నెట్ పోకూడదు."

"రైల్లో ఎందుకు రాత్తావు? రూర్కెలాలో దిగిపోదాం."

పాసు మీద దారిలో ఎక్కడైనా దిగి మళ్లీ ఎక్కొచ్చు. రూర్కెలా స్టేషను పక్కనే నా పాత స్నేహితుడి క్వార్టరు ఉంది. బండి పొద్దున ఏడున్నరకి టాటానగర్‌లో బయలుదేరి పదకొండులోపు రూర్కెలా చేరుతుంది. పరీక్ష పన్నెండుకి. ఆయన ముందుగది ఖాళీ చేయించి, తలుపేసుకుని రాసేసి, సాయంత్రం బండికి మళ్లీ ఎక్కేయడమే. అంతా వేళ్లమీద లెక్కపెట్టి చెప్పాను. ముప్పై ఏళ్లు రైళ్ల మధ్య బతికి, ఆలస్యమైన బళ్లను రోజూ కళ్లతో చూసి కూడా, బండి టైముకి వెళ్తుందని నమ్మాను. మా ఆవిడ ఒక్కమాటే అంది.

"ఈ ఒక్కపాలికి మానేద్దురూ."

నేను వినలేదు. అదే బిష్టుపూర్ కాలేజీలో హాల్‌టికెట్టు పట్టుకుని రాయాల్సిన పరీక్ష అయితే, ఆ రోజు ప్రయాణం మాట ఎత్తేవాణ్ణేనా? పదిరోజుల ముందునుంచే ఇంట్లో టీవీ కట్టేసేవాణ్ణి. ఇది ఇంట్లో పరీక్ష. అందుకని నా మనసులో అది సగం పరీక్షే.

మా ఆవిడ ఇంటి దగ్గరే ఉండిపోయింది, నేనూ అమ్మాయీ ఎక్కాం. బండి టైముకే బయలుదేరింది. చక్రధర్‌పూర్ కూడా టైముకే వచ్చింది. అక్కడ టీ తాగుతూ, సూసినావా అన్నట్టు ఆమె వంక చూశాను. ఆ తర్వాత సారండా అడవి మొదలైంది. రెండువైపులా సాల చెట్లు, గుట్టలు. తొమ్మిదిన్నర దాటాక ఒక చిన్న స్టేషన్లో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు మనుషులు, ఒక మేక తప్ప ఏమీ లేదు.

పదిన్నరకి కూడా కదల్లేదు. నేను దిగి ముందుకు నడిచి కనుక్కున్నాను. ముందు పోయే గూడ్సులో ఒక వ్యాగన్ ఇరుసు వేడెక్కిందట. దాన్ని విడదీసి పక్కన పెట్టేదాకా దారి లేదు. ఎక్కడో నాలాంటివాడే ఒకడు అన్నీ చూసి ఫిట్ అని సంతకం పెట్టి పంపిన బండే అయ్యుంటుంది. వాణ్ణీ అనడానికి లేదు, ఎంత చూసినా ఇరుసు వేడెక్కే రోజు వేడెక్కుతుంది.

"అరగంటలో ఎల్లిపోద్ది," అని చెప్పాను.

ఆమె ల్యాప్‌టాప్ సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫోను చూసింది. నా ఫోనూ చూసింది. రెండింటిలోనూ సిగ్నల్ లేదు. పదకొండుకి మళ్లీ వెళ్లొచ్చి అరగంట అన్నాను. పదకొండున్నరకి కూడా అదే అన్నాను. మూడోసారి చెప్పినప్పుడు నా మాట నాకే అసహ్యంగా వినిపించింది. పన్నెండు నుంచి పన్నెండున్నరలోపు పరీక్షలోకి లాగిన్ కావాలి, ఆ తర్వాత రానివ్వరు అని అప్పుడు చెప్పింది. ఫోను పట్టుకుని బోగీ ఈ చివర నుంచి ఆ చివరకి, కిందికి, ప్లాట్‌ఫారం చివరకి, సిమెంటు బల్ల మీదికి ఎక్కి కూడా చూసింది. నేను ఆమె వెనకాలే తిరిగాను.

పన్నెండున్నర దాటాక వచ్చి తన చోట కూర్చుంది.

"హో గయా," అంది. అయిపోయిందని.

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఏదో ఒకటి అనేవాణ్ణి. టిఫిన్ డబ్బా తెరిచి, "తిను నాన్నా, నీకు షుగరు," అని నా చేతిలో పెట్టింది. నా బిడ్డ మూడేళ్ల కష్టాన్ని నా చేత్తో నేనే అడవిలో దించేశాను. ఆ మాట అప్పుడే పైకి అనాల్సింది, అనలేకపోయాను. దానికి బదులు నాకు తెలిసిన పని ఒకటి చేశాను. స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్లి, నేను స్టాఫునే అని చెప్పి, ఈ బండి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఇక్కడ ఆగింది అని కాగితం రాయించి, సంతకం, ముద్ర వేయించి తెచ్చాను. పాపం ఆయన మంచివాడు, అడగ్గానే ఇచ్చాడు.

"ఇది సూపిత్తే మళ్లీ పెట్టరేటి?"

ఆమె ఆ కాగితాన్ని చూసి మడతపెట్టి పుస్తకంలో పెట్టుకుంది.

రూర్కెలాలో దిగలేదు. దిగి ఏం చేస్తాం? వెనక్కి పోదామమ్మా అన్నాను. "చూడాలన్నావుగా, చూద్దాం," అంది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ నగరం చేరి, ఆటోలో ఆ కాలేజీకి వెళ్లాం. పెద్ద గేటు, లోపల పచ్చిక, నాలుగైదు మేడలు, పిల్లలు గుంపులుగా నడుస్తున్నారు. అచ్చం నేననుకున్న కాలేజీ. నాకు ప్రాణం లేచొచ్చింది. వాచ్‌మన్ మాత్రం మా అమ్మాయి ఫోనులోని గుర్తింపు కార్డు చూసి నవ్వాడు. ఆన్‌లైన్ వాళ్లకి ఇక్కడ ఏముందమ్మా, అంతా ఫోనులోనే కదా అన్నాడు. నేను నా రైల్వే కార్డు చూపించి బతిమాలితే ఒక మేడలో మూడో అంతస్తుకి పంపాడు.

అక్కడ ఒక హాలు నిండా కుర్రవాళ్లు చెవులకి తగిలించుకుని మాట్లాడుతున్నారు. వాళ్లలో ఒకతను మమ్మల్ని కూర్చోబెట్టి, నేను తెచ్చిన కాగితాన్ని రెండువైపులా తిప్పి శ్రద్ధగా చదివాడు. ఇక్కడికొచ్చి పరీక్ష రాసేవాళ్లయితే రైలు ఆగిపోయిందన్న కాగితం చూసి పైవాళ్లు ఏమైనా ఆలోచించేవాళ్లేమో అన్నాడు. తర్వాత మర్యాదగానే ఒక ప్రశ్న అడిగాడు.

"ఆన్‌లైన్ పరీక్షకి రైలెందుకు ఎక్కారు అంకుల్?"

మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మళ్లీ పరీక్ష ఆరు నెలల తర్వాతే అని చెప్పి, ఆ కుర్రాడు మాకు చల్లని నీళ్లు తెప్పించి పంపేశాడు.

వచ్చేముందు గేటు దగ్గర ఆమెని నిలబెట్టి ఫోటో తీశాను. కొంచెం నవ్వమ్మా అన్నాను. నవ్వలేదు. ఆ ఫోటోని రైల్లోంచే మావాళ్ల గ్రూపులో పెట్టాను. నిమిషాల్లో దండాలు, పూలు, చప్పట్లు వచ్చి పడ్డాయి. పార్సిల్ ఆఫీసు బావ కూడా రాశాడు: "కాలేజీ బాగున్నాది బావా, ఇప్పుడు నమ్మకం కలిగింది." మూడేళ్లు చదివినందుకు రాని గౌరవం, గేటు ముందు ఒక్క నిమిషం నిలబడితే వచ్చేసింది. ఆ నిమిషం కోసం ఆమె ఏం పోగొట్టుకుందో ఆ గ్రూపులో ఒక్కడికే తెలుసు. వాడు ఫోను ఆపేసి పై బెర్తు ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వానలు పడ్డాయి. ఫ్యాక్టరీలో ఆ సీటు ఇంకొకరికి ఇచ్చారు. మా అమ్మాయి పాత కుర్చీలోనే, పాత కంప్యూటరు ముందే కొనసాగింది. ఇంట్లో నాతో గొడవ పడలేదు, ఎదురు మాట్లాడలేదు. అడిగినదానికి హాఁ, నహీ, అంతే. తలుపు కొడితే నేనే లేచి తీయడం మొదలుపెట్టాను. కుక్కరు నేనే చూశాను. ఏడు నుంచి తొమ్మిది దాకా నేను డాబా మీదికి వెళ్లి కూర్చునేవాణ్ణి. ఇవన్నీ ఆమె గమనించిందో లేదో నాకు తెలియదు.

శీతాకాలంలో ఒకనాడు ధైర్యం చేసి అడిగాను.

"అమ్మా, ఆ పరీచ్చ ఎప్పుడు? ఆ రోజు నాను సెలవు పెడతాను."

"అయిపోయింది నాన్నా. మొన్న మంగళవారం."

నేను డ్యూటీలో ఉన్న రోజు చూసుకుని రాసేసింది. తల్లికి చెప్పింది, నాకు చెప్పలేదు. నేను చాలా బాధపడ్డాను. ఆమె చేసింది తప్పని మాత్రం అనిపించలేదు. బంగారాన్ని ఒకసారి పారేసినవాడి చేతికి మళ్లీ ఎవరిస్తారు?

డిగ్రీ వచ్చింది, మంచి మార్కులతోనే. కొన్నాళ్లకి గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, ప్లానింగ్ పనికే. ఆ పొద్దున వాన. మా ఆవిడ బలవంతం మీద నా స్కూటరు ఎక్కింది.

ఆఫీసు అంటే షెడ్డులో ఒక మూల ప్లైవుడ్డుతో కట్టిన గది. తలుపు సరిగా మూసుకోదు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల యజమాని, తెల్లజుట్టాయన, కాగితాలు తిరగేస్తున్న చప్పుడుతో సహా అన్నీ వినబడుతున్నాయి.

"రెగ్యులర్?" అని అడిగాడు.

"నహీ సర్, ఆన్‌లైన్."

తర్వాత ఆఖరి పేపరు ఆరు నెలలు ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. మొదటిసారి గైర్హాజరు అని ఉంది, ఎందుకని.

"నెట్‌వర్క్ నహీ థా సర్," అంది మా అమ్మాయి. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఆన్‌లైన్‌లో ఇదే కదా గొడవ," అన్నాడాయన హిందీలో. కాగితాలు ఫైల్లో పెట్టేశాడు. సరేనమ్మా, కబురు చేస్తాం అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో యాభై దాటిన వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నెట్‌వర్క్ లేదన్నమాట నిజమే. ఆ నిజం వెనక నన్ను దాచింది. తన చదువు మీద మచ్చ పడినా సరే, తండ్రి మీద పడకూడదనుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

"ఆప్ కౌన్?" అన్నాడాయన, మీరెవరని.

"ఇస్కా బాప్," అన్నాను, ఈ పిల్ల తండ్రినని.

నా యార్డు హిందీలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నెట్‌వర్క్ తప్పు కాదండీ, కాలేజీ తప్పూ కాదు, ఈ పిల్ల తప్పు అసలే కాదు. పరీక్ష ఉందని చెప్పింది, వద్దంది. నేనే మొండికేసి రైలెక్కించాను, కాలేజీకి గోడలున్నాయో లేదో చూడాలని. గోడలు ఉన్నాయి. పరీక్ష పోయింది. ఫెయిలయింది నేను, రాసుకుంటే నా పేరు రాసుకోండి అన్నాను. మా అమ్మాయి తలెత్తి నావైపు చూసి, మళ్లీ తల దించుకుంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నన్ను కూర్చోమన్నాడు. ఫైల్లోంచి కాగితాలు మళ్లీ బయటికి తీసి, ఆ పోయిన పేపరు ఏమిటమ్మా అని అడిగాడు. ఉత్పత్తి ప్లానింగ్ అని చెప్పింది. అయితే చెప్పు, పదో తారీకుకి సరుకు పంపాలి, స్టీలు ఎనిమిదో తారీకు దాకా రాదు, ఏం చేస్తావన్నాడు.

ఆమె ఎదురు ప్రశ్నలు వేసింది. సగం తయారై షెడ్డులో పడి ఉన్న సరుకు ఎంత? ఏ మిషను ఖాళీగా ఉంది? కొనేవాళ్లు సగం ముందు పంపితే ఒప్పుకుంటారా? ఇంకో పనికి తెచ్చిన స్టీలు దీనికి వాడొచ్చా, వాడితే ఆ పని ఎప్పటికి వెనకబడుతుంది? ఆయన చెబుతుంటే ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి, రోజువారీగా రాసి చూపించింది. ఆయన ఒకచోట తప్పు పట్టాడు. ఆమె ఎందుకు తప్పు కాదో చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు. ఇరవై నిమిషాలు ఇద్దరూ ఆ కాగితం మీదకి వంగి మాట్లాడుకుంటూనే ఉన్నారు, నేనక్కడ ఉన్నట్టు ఇద్దరికీ గుర్తులేదు. ఆమె చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది. మా ఇంట్లో ఇంత తెలిసిన మనిషి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ ఉద్యోగం వచ్చింది, మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్న షరతుతో. ఆ కబురు వచ్చింది వారం తర్వాత. ఆ మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు మాకేమీ తెలియదు. వాన తగ్గింది. ఆదిత్యపూర్ దాటుతుండగా వెనక్కి తిరక్కుండా అడిగాను.

"ఆ స్టీలు ఎనిమిదో తారీకుకి కూడా రాకపోతే ఏటి సేత్తావమ్మా?"

ఆమె ముందుకి వంగింది.

"ఇన్నేళ్లలో నా చదువు గురించి నువ్వు ఒక్క ప్రశ్నయినా అడగలేదు నాన్నా," అంది. "ఇదే మొదటిది."

"బుద్ధి లేక తల్లీ," అన్నాను.

స్కూటరు పక్కకి తీసి ఆపాను, ట్రాఫిక్ హోరులో ఒక్క మాట కూడా పోకూడదని. ఆమె దిగి నా ఎదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.